పుస్తకం ఇటివ్వు, ఇప్పుడు చెప్పు

మా నాయనమ్మకు అక్షరమ్ముక్క రాదు. ఎక్కడైనా సంతకం పెట్టాలంటే వేలిముద్రే. తెనాలి దగ్గర మా పల్లెలో దీపాలవేళకు ఆమె అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని పాఠం గట్టిగా చదివేదాన్ని. కాసేపు విని చేయి చాపి, "పుస్తకం ఇటివ్వు, ఇప్పుడు చెప్పు" అనేది. పుస్తకాన్ని ఒళ్ళో బోర్లించుకునేది. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని. ఎక్కడో ఒకచోట "అంటే... అదేంటంటే..." అని నా గొంతు సన్నబడగానే, చేతిలో పని ఆపకుండానే, "అదిగో, అక్కడ నీళ్ళు నమిలావు. అక్కడ మళ్ళీ చదువుకోవే" అని పుస్తకం వెనక్కిచ్చేది.

పాఠం దేని గురించో ఆమెకు తెలియదు. నా గొంతు తెలుసు, అంతే.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ సంగతి నాకు గుర్తుకు రాలేదు. మొన్న దసరా సెలవుల్లో వచ్చింది. మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. హైదరాబాద్‌లో ఉంటున్నాం, స్టేట్ సిలబస్. ఆ రోజు పొద్దుటి నుంచీ సోషల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. భోజనానికి లేచింది, మళ్ళీ కూర్చుంది. సాయంత్రం పాలు ఇవ్వడానికి వెళ్ళి చూస్తే పేజీ అంతా పెళ్ళిపందిరిలా ఉంది. ముఖ్యమైన వాక్యాలకు పసుపు హైలైటర్, మరీ ముఖ్యమైనవాటికి గులాబీ రంగు అట. రంగు పడని వాక్యం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

"ఫస్ట్ లెసన్ మూడుసార్లు రివిజన్ అయిపోయిందమ్మా."

"ఏదీ, పుస్తకం ఇటివ్వు, ఇప్పుడు చెప్పు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. హిమాలయాలు మూడు శ్రేణులంది. హిమాద్రి చెప్పింది, శివాలిక్ చెప్పింది, మధ్యలో ఉన్న హిమాచల్ రాలేదు. ద్వీపకల్ప పీఠభూమిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏదంటే దొడ్డబెట్ట అంది. అది అనైముడి. పడమటి కనుమలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయంటే అలవాటుగా టేబుల్ వైపు చూసింది. పుస్తకం నా చేతిలో ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతా చదివానమ్మా. పుస్తకం చూస్తే అన్నీ వస్తాయి. నువ్వు అడిగితేనే పోతున్నాయి" అంది.

చూస్తే అన్నీ వస్తాయి. పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట ఇది. పిల్ల అబద్ధం చెప్పట్లేదు. బజార్లో ఎదురైన మనిషిని చూసి "ఈయన్ని ఎక్కడో చూశానే" అనుకుంటాం చూడండి, అలాంటిది ఇది. ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు ఆయన పేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితే మనం తెల్లమొహం వేస్తాం. నాలుగోసారి చదువుతున్నప్పుడు పాఠంలోని ప్రతి వాక్యమూ తెలిసిన మొహంలా పలకరిస్తుంది. ఆ పలకరింపునే "వచ్చేసింది" అనుకుంటాం. పరీక్ష హాల్లో పలకరించడానికి ఎవరూ ఉండరు. ప్రశ్న ఉంటుంది, తెల్లకాగితం ఉంటుంది.

అందుకే నేనీ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. మన పిల్లలు రివిజన్ పేరుతో గడిపే గంటల్లో చాలా భాగం రివిజన్ కాదు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ జరిగేది చదవడమే. మూశాకే రివిజన్ మొదలవుతుంది.

నా మాట మీద నమ్మకం అక్కర్లేదు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. చిన్న చిన్న పాఠాలిచ్చారు, ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటిపిల్లుల గురించి. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదువుతూనే ఉంది. ఆ నాలుగు విడతల్లో వాళ్ళు పాఠాన్ని సగటున 14 సార్లు తిరగేశారు. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ కాగితం మీద గుర్తున్నంత రాసింది. వీళ్ళు చదివింది మూడున్నర సార్లే. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళే గెలిచారు, వాళ్ళకు 83 శాతం, రాసినవాళ్ళకు 71 శాతం. వారం ఆగి పెడితే తలకిందులైంది. చదివినవాళ్ళకు 40 శాతం మిగిలింది, రాసినవాళ్ళకు 61 శాతం.

అంకెలకన్నా నాకు ఇందులో నచ్చింది ఇంకొకటి. వారం తర్వాత మీకెంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధైర్యంగా ఉన్నది పద్నాలుగు సార్లు తిరగేసినవాళ్ళే. మూడుసార్లు తడబడి, జుట్టు పీక్కుని రాసినవాళ్ళు మాకు పెద్దగా రాదేమో అన్నారు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు ఎందుకొచ్చాయో దీన్ని బట్టి అర్థమైంది. మూడుసార్లు చదివినప్పుడు కలిగిన ధైర్యం నా ఒక్క ప్రశ్నతో పోయింది. కానీ ఆ రోజు తనకు అసలు మేలు చేసింది ఆ ప్రశ్నే.

నా కథ ఇంతకన్నా అన్యాయం. నేను పది రాసింది 1993 మార్చిలో. అప్పట్లో పదకొండు పేపర్లు. హిందీ తప్ప మిగతా సబ్జెక్టులన్నిటికీ రెండేసి. ఏడో తరగతి తర్వాత టౌన్‌లో మా మేనత్త ఇంటికి వచ్చేశాను, నాయనమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. నా చదువు నేనే చదువుకునేదాన్ని. లెక్కల గైడు ఒకటి కొనుక్కుని జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ అందులోని లెక్కలన్నీ చదివాను. అవును, లెక్కలు చదివాను. ప్రశ్న, దాని కింద సాధన, ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు. "ఓహో, ఇలాగన్నమాట" అనుకుంటూ పేజీ తిప్పడం. పెన్ను పట్టుకున్నది తక్కువ. పరీక్షలో రెండో పేపరు చేతికొచ్చాక నాకు తెలిసింది, గైడులో లెక్క చేసింది గైడు రాసినాయన, నేను చూశాను. ఆ పేపర్లో ఎన్ని వచ్చాయో ఇక్కడ చెప్పను గానీ, పాసయ్యాను.

ఇప్పటి పిల్లలకు గైడు స్థానంలో వీడియోలు వచ్చాయి. సారు బోర్డు మీద గలగలా చేసుకుంటూ పోతుంటే పిల్ల తలూపుతూ చూస్తుంది. అర్థం కావడానికి వీడియో మంచిదే, నేను కాదనను. కానీ గుత్తివంకాయ కూర వీడియో ఇరవైసార్లు చూసినంత మాత్రాన వంకాయలో కారం కూరడం వస్తుందా? వీడియో ఆపేసి అదే లెక్కను తెల్లకాగితం మీద మొదటి నుంచీ చేస్తేనే అది మన లెక్క.

అసలు ఈ విద్య మనకు కొత్తది కాదు. దానికి మన భాషలో చక్కటి పేరు కూడా ఉంది, అప్పజెప్పడం. నిన్నటి పాఠం అప్పజెప్పు అనేవాళ్ళు బడిలో. ఎక్కాలు అప్పజెప్పు, పద్యం అప్పజెప్పు. తీసుకున్నది తిరిగి ఇచ్చేయమన్నట్టు ఎంత బాగుందో ఆ మాట! ఈ తరం పిల్లల నోట ఆ మాట నేను వినలేదు. ఎందుకు పోయిందో కూడా తెలుసు. అప్పజెప్పడంతో పాటు బెత్తం ఉండేది, గోడకుర్చీ ఉండేది. తర్వాత బట్టీ చదువుల మీద అందరికీ విసుగొచ్చింది, న్యాయమే. బట్టీ వద్దనుకున్న ఊపులో అప్పజెప్పడాన్ని కూడా దానితో కట్టగట్టి బయట పడేశాం. తమాషా ఏమిటంటే, బట్టీలో చెడ్డ సగం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పుస్తకం చూస్తూ అదే వాక్యం పదిసార్లు వల్లె వేయడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది, హైలైటర్ తోడైంది, అంతే.

అప్పజెప్పడమంటే బట్టీయే కదా అని మా ఆయన అన్నారు. మంచి ప్రశ్నే. తేడా పట్టుకోవడం తేలిక, మధ్యలోంచి అడగాలి. మూత్రపిండంలోని నెఫ్రాన్ గురించి పిల్ల బౌమన్ గుళిక నుంచి గడగడా మొదలుపెట్టి చివరిదాకా ఆగకుండా చెప్పిందనుకోండి, సంతోషించి ఊరుకోవద్దు. "హెన్లీ శిక్యానికి ముందు ఏముంది?" అని అడగండి. మళ్ళీ బౌమన్ గుళిక దాకా వెనక్కి పరిగెత్తి అక్కడి నుంచి వస్తే అది బట్టీ. నేరుగా చెప్పగలిగితే వచ్చినట్టు. గుండె పాఠంలో ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుంది అని చెప్పగానే "ఎందుకు?" అనండి. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్ళంతటికీ తోయాలి. ఆ కారణం నోటి నుంచి వస్తే ఎడమా కుడీ ఇక తారుమారు కావు. వేదం చదివే ఘనాపాఠీలు కూడా మంత్రంలోని పదాల్ని ముందుకూ వెనక్కూ తిప్పి చెప్తారు, ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఇలా. అక్షరం పొల్లుపోకూడదని పెట్టుకున్న కట్టుదిట్టం అది. ఒకే దిక్కుగా చెప్పుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో బయటపడదని వాళ్ళకు ఎప్పుడో తెలుసు.

ఇక మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. ఇదేదో పెద్ద పథకం కాదు, కొన్ని కుదిరాయి, కొన్ని రెండ్రోజులకే మూలపడ్డాయి.

మొదటిది తెల్లకాగితం. పాఠం ఒకసారి శ్రద్ధగా చదవాలి. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టి రావాలి. పక్కనే ఉంటే చేయి ఊరుకోదు కాబట్టి ఈ పక్క గది షరతు. తర్వాత గుర్తున్నదంతా కాగితం మీద పెట్టాలి. అందంగా రాయక్కర్లేదు, బొమ్మ వేసినా, బాణాలు గీసినా సరే. ఇక రావట్లేదు అనిపించాక కూడా ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. ఈ రెండు నిమిషాల కోసం మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. "రాదంటే రాదమ్మా, ఊరికే కూర్చోవడం ఎందుకు?" అనేది. నాకూ మొదట్లో జవాబు తెలియలేదు. కానీ గమనిస్తే, ఆ రెండు నిమిషాల్లోనే కదా మనసు గదులన్నీ వెతికేది. కొన్నిసార్లు దొరుకుతుంది, దొరికినప్పుడు పిల్ల మొహం చూడాలి. దొరక్కపోయినా, తర్వాత పుస్తకం తెరవగానే ఆ మాటే ముందు కంటపడుతుంది, ఇక పోదు. పుస్తకం తెచ్చుకుని వదిలేసినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద నింపాలి. రేపు చదవాల్సింది ఆ ఎర్ర అక్షరాలనే. మిగతాది వచ్చినట్టే కదా, దాన్ని మళ్ళీ మళ్ళీ చదివి ఎవరికి లాభం? పిల్లలు సాధారణంగా వచ్చిన పాఠాన్నే ఇష్టంగా మళ్ళీ చదువుతారు. రానిదాన్ని "తర్వాత చూద్దాం"లో పెడతారు.

రెండోది ఎడం. ఒకే రోజు ఐదుసార్లు చదవడంకన్నా ఐదు రోజుల్లో ఒక్కోసారి మేలు. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల వరసలు తానే నేర్చుకుని, తానే మరచిపోయి, ఎంత మరచిపోయాడో లెక్కలు వేసి అచ్చు వేశాడు. ఒక్క రోజు గడిచాక మళ్ళీ నేర్చుకోబోతే, మొదటిసారి పట్టిన శ్రమలో మూడోవంతు మాత్రమే ఆదా అయిందట. పాఠాలకు అర్థం ఉంటుంది కాబట్టి మరీ అంత దారుణంగా పోవు. కానీ పోతాయి. పోవడం మొదలయ్యాక మళ్ళీ తవ్వుకుంటేనే గట్టిపడతాయి. ఇంకా పచ్చిగా ఉండగానే మళ్ళీ చూసుకుంటే మనసుకు పనేముంటుంది?

ఈ ఎడాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది అసలు చిక్కు. టైమ్‌టేబుల్ వేశాం. రంగురంగుల టైమ్‌టేబుల్, గోడకు అతికించాం, నాలుగో రోజుకే తప్పింది. చివరికి గట్టెక్కించింది మా అత్తగారి పాత పోపుల డబ్బా. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు. సెబాస్టియన్ లైట్నర్ అని ఒకాయన 1972లో చెప్పిన కార్డుల పద్ధతి ఎక్కడో చదివాను, దానికి ఈ డబ్బా అతికినట్టు సరిపోయింది. చిన్న చిట్టీ మీద ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. కొత్త చిట్టీలన్నీ మొదటి గిన్నెలో వేస్తాం, అది రోజూ తీయాలి. జవాబు వస్తే చిట్టీ రెండో గిన్నెలోకి, అది మూడు రోజులకోసారి. మళ్ళీ వస్తే మూడో గిన్నె, వారానికోసారి. నాలుగోది పదిహేను రోజులకు. ఎక్కడ తప్పినా చిట్టీ మళ్ళీ మొదటి గిన్నెలోకి రావాల్సిందే, నాలుగో గిన్నెలో ఉన్నా సరే. ఎంత కడిగినా డబ్బాలో మెంతుల వాసన పోలేదు. ఓమ్ నియమం ఇప్పుడు మా అమ్మాయికి మెంతుల వాసనతోనే గుర్తుంటుందేమో.

చిట్టీ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "పడమటి కనుమల గురించి రాయుము" అని చిట్టీ రాస్తే అది చిట్టీ కాదు, పేపరు. ఒక చిట్టీకి ఒక ముక్క చాలు. అలాగే చిట్టీలు తనే రాయాలి. మొదట్లో ఆదరాబాదరాగా నేను నలభై రాసిచ్చాను. ఆ నలభైలో నాకు మాత్రం ముప్పై బాగా వచ్చాయి.

లెక్కలకు పోపుల డబ్బా పనికిరాదు, వాటి కథ వేరు. పిల్లలు లెక్కల్ని అభ్యాసం వెంట అభ్యాసంగా చేస్తారు. శ్రేఢులు, అంటే ఇప్పటి పిల్లల ప్రోగ్రెషన్స్, ఆ అభ్యాసంలో ఇరవై లెక్కలూ శ్రేఢుల లెక్కలే. ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే లేదు, పాఠం పేరే చెప్పేస్తోంది. పరీక్షలో పాఠం పేరు ఉండదు. స్తంభం నీడ లెక్క వచ్చిందనుకోండి. పక్కనే నిలబెట్టిన కర్ర పొడవు, దాని నీడ ఇస్తే అది సరూప త్రిభుజాల లెక్క. సూర్యుడు ఎంత కోణంలో ఉన్నాడో ఇస్తే త్రికోణమితి. రెండూ విడివిడిగా వచ్చిన పిల్ల కూడా రెండూ కలిపి ఇచ్చేసరికి తికమకపడుతుంది. ఇదేదో మా పిల్ల లోపమనుకున్నాను. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఘనపరిమాణాల లెక్కల మీద చేసిన ప్రయోగం చదివాక ఆ అనుమానం పోయింది. ఒకే రకం లెక్కలు వరసగా చేసిన కాలేజీ పిల్లలు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు. నాలుగు రకాలూ కలగలిపి చేసినవాళ్ళు 60 శాతమే చేశారు. వారం తర్వాత పరీక్షలో వరసగా చేసినవాళ్ళకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్ళకు 63 శాతం వచ్చాయి.

అవధానం చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. అష్టావధాని ప్రశ్న అడిగిన ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన అడ్డుతగులుతుంటాడు, గంట కొట్టేవాళ్ళు కొడుతుంటారు. అన్నీ అయ్యాక చివర్లో ధారణ, చెప్పిన పద్యాలన్నీ కాగితం చూడకుండా మళ్ళీ అప్పజెప్పడం. జనం చప్పట్లు కొట్టేది అక్కడ. పద్యం చెప్పడంతో సరిపెట్టకుండా, చెదిరిన దారాలన్నీ చివర్న మళ్ళీ పట్టుకోవడాన్ని కూడా పరీక్షలో పెట్టారు మనవాళ్ళు.

మేం చేసింది చిన్నది. ఆదివారం పొద్దున్న నాలుగైదు అభ్యాసాల నుంచి తలా రెండు లెక్కలు, పాఠం పేరు లేకుండా, నేను కాగితం మీద ఎత్తి రాసిస్తాను. లెక్క చేసేముందు ఒక్క మాట చెప్పాలి, ఇది ఏ పాఠం, ఎలా తెలిసింది? మొదటి ఆదివారం పదింటిలో నాలుగు చేసింది. టెన్షన్ పడింది, నాకూ భయం వేసింది, ఉన్నదీ చెడగొడుతున్నానేమోనని. ట్యూషన్ సారు కూడా "ఇప్పుడివన్నీ ఎందుకు మేడమ్, చాప్టర్‌వైజ్ ఫినిష్ చేయనివ్వండి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, చాప్టర్‌వైజ్ చేస్తే పిల్ల నోటుబుక్కులో రైటు మార్కులు ఎక్కువ కనిపిస్తాయి, తల్లిదండ్రులు సంతోషిస్తారు.

అసలు బాధ ఇక్కడే ఉంది. కనిపించేదాన్నే మనం చదువుగా లెక్కపెడతాం. మా అమ్మాయి బడిలో నవంబరు నుంచి స్టడీ అవర్స్ పెట్టారు. పొద్దున్న గంటన్నర, సాయంత్రం రెండు గంటలు. పిల్లలంతా వరసగా కూర్చుని పుస్తకంలోకి చూడాలి, మాట్లాడకూడదు. ఒకరోజు త్వరగా తీసుకురావడానికి వెళ్తే కిటికీలోంచి కనిపించింది. అరవై మంది పిల్లలు, అరవై తెరిచిన పుస్తకాలు, నిశ్శబ్దం. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో. అదే మూడున్నర గంటల్లో గంటసేపు పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టి, పుస్తకాలు మూయించి, ఒకరికొకరు అప్పజెప్పుకోమంటే? గోలగా ఉంటుంది. ప్రిన్సిపాల్ గారికి నచ్చదు, తనిఖీకి వచ్చినవాళ్ళకు అసలే నచ్చదు. పేరెంట్స్ మీటింగులో ఈ ముక్క అన్నాను. "డిసిప్లిన్ ప్రాబ్లం వస్తుంది మేడమ్" అన్నారు. గంటలు రిజిస్టరులో ఎక్కుతాయి, గుర్తున్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఇంట్లో మనమూ అంతే కదా. తలుపు సందులోంచి చూస్తాం, పుస్తకం తెరిచి ఉంటే నిశ్చింత. పిల్ల గోడ వైపు చూస్తూ కూర్చుంటే "ఏంటా పరధ్యానం?" అని కేకేస్తాం. గోడ వైపు చూస్తూ హిమాచల్‌ను వెతుక్కుంటోందేమో!

నిద్ర గురించి రెండే మాటలు. రాత్రి ఒంటిగంట దాకా చదివిస్తే పిల్లలు కష్టపడుతున్నారని మనకు తృప్తి. 1924లోనే కార్నెల్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థుల మీద చేసిన పరిశీలనలో, నేర్చుకుని నిద్రపోయినప్పటికన్నా నేర్చుకుని మెలకువగా ఉన్నప్పుడే ఎక్కువ మరచిపోయారని తేలింది. పదింటికి పోపుల డబ్బా మూసేసి పడుకోబెట్టేస్తున్నాను. ఈ విషయంలో మా ఇంట్లో ఎవరి అభ్యంతరమూ రాలేదు.

ఇంపార్టెంట్ కొశ్చన్స్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫిబ్రవరి వచ్చేసరికి అందరూ అక్కడికే చేరతారు. పాత పేపర్లు చూడటం మంచి పనే. కానీ పాత పేపరును జ్యోతిషంలా వాడతాం, ఏది వస్తుందో ఊహించడానికి. దాన్ని పరీక్షలా వాడాలి. గడియారం పెట్టుకుని, భోజనాల బల్ల మీద, మంచినీళ్ళ సీసా తప్ప ఇంకేమీ లేకుండా మూడు గంటలు కూర్చుని రాయాలి. చేయి నొప్పెడుతుంది. ఏ ప్రశ్న ఎక్కువ సమయం తినేస్తోందో తెలుస్తుంది. పేపరు దిద్దేటప్పుడు మార్కులకన్నా తప్పు రకం చూడాలి. తెలియక తప్పిందా, తెలిసీ తొందరలో తప్పిందా, ప్రశ్న సరిగ్గా చదవక తప్పిందా? మా అమ్మాయివి సగానికి పైగా మూడోరకం. ఆ తప్పులకు ఎన్నిసార్లు పాఠం చదివినా మందు లేదు. ప్రశ్నలో అడిగిన మాట కింద గీత గీసి మొదలుపెట్టడం అలవాటు చేశాం. చూశారా, హైలైటర్ చివరికి ఇక్కడ పనికొచ్చింది.

ఇదంతా సర్వరోగ నివారిణి అని నేననను. అర్థంకాని పాఠాన్ని అప్పజెప్పమంటే అది హింస. ముందు ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. రసాయన సమీకరణం తుల్యం చేయడం రాని పిల్ల ముందు చిట్టీల డబ్బా పెట్టి లాభం లేదు. తెలుగు పేపర్లో సొంతంగా రాయాల్సిన వ్యాసాలకు, లేఖలకు వేరే సాధన కావాలి. మార్చిలో పరీక్ష పెట్టుకుని ఫిబ్రవరి 25న మొదలుపెట్టేవాళ్ళకు ఎడం పాటించే వ్యవధి ఉండదు, వాళ్ళకు తెల్లకాగితం ఒక్కటే దిక్కు. భయస్తులైన పిల్లలతో ఇంకా మెల్లగా వెళ్ళాలి. మొదటి రోజు నేను చేసినట్టు పుస్తకం లాక్కుని వరసగా నాలుగు ప్రశ్నలు వేయడం పొరపాటు. నాయనమ్మ ఎప్పుడూ అలా చేయలేదు. ఆమె ప్రశ్నలు వేయలేదు, విన్నది.

ఈ మాట మా పనమ్మాయి వల్ల నాకు ఇంకా బాగా తెలిసింది. వాళ్ళబ్బాయి కూడా ఈ ఏడు పదే, సర్కారు బడి. "నాకు సదువు రాదు కదమ్మా, ఆనికి ఏం జెప్పాలె?" అంది ఒకరోజు. ట్యూషన్ పెట్టించలేకపోతున్నానని ఆమె దిగులు. వాడు రోజూ రాత్రి చదివింది పుస్తకం మూసి నీకు చెప్పమను, నీకు అర్థం కాకపోయినా పర్వాలేదు, ఎక్కడ నీళ్ళు నములుతున్నాడో చూడు అన్నాను. నవ్వింది. "గదైతే నాకు మంచిగ దెలుస్తది" అంది. ఇప్పుడు అంట్లు తోముతూ అప్పుడప్పుడూ నాకు పాఠాలు చెప్తోంది. మొన్న కుంభాకార కటకానికీ పుటాకార కటకానికీ తేడా చెప్పింది, చేత్తో పళ్ళెం తిప్పి చూపించి మరీ.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాయి. సోషల్‌లో బాగా పెరిగాయి, సైన్సులో కొంచెం. లెక్కల్లో ఇంతకుముందు ఎన్నో ఇప్పుడూ అన్నే, కాకపోతే వదిలేసిన ప్రశ్నలు లేవు. ట్యూషన్ సారు ఏమీ అనలేదు. పోపుల డబ్బాలో నాలుగో గిన్నె నిండింది, ఐదో గిన్నెకు నెలరోజుల గడువు పెట్టాం. నిన్న రాత్రి మొదటి గిన్నెలో మూడే చిట్టీలు మిగిలాయి. రెండు కొత్తవి. మూడోదానికి మూలలు నలిగి మెత్తబడిపోయాయి, ఒకసారి మూడో గిన్నె దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది పాపం. ద్వీపకల్ప పీఠభూమిలో ఎత్తైన శిఖరం ఏది, ఎంత ఎత్తు?

"అనైముడి" అంది వెంటనే. "రెండువేల ఆరువందల... ముప్పై ఏడు."

అది దొడ్డబెట్ట. అనైముడి 2695 మీటర్లు. చిట్టీ మళ్ళీ మొదటి గిన్నెలో వేసి మూత పెట్టింది.